దేవుడు లేని ఇంట్లో నీతి

'దేవుడంటే భయం లేనివాణ్ని ఎలా నమ్మేది?' తరతరాలుగా వినిపిస్తున్న ప్రశ్న ఇది. ఒక్క చిన్న అబద్ధం ఆడి ఉంటే కొలువు నిలబడేది. అది ఆడనందుకే ఓ అధ్యాపకుడు వీధిన పడ్డాడు. ఆయన గోరా... విజయవాడ నాస్తిక కేంద్రం వ్యవస్థాపకుడు. ఆయనా, ఆయన కుటుంబమూ బతికిన తీరు చూస్తే ఆ పాత ప్రశ్న కాస్త కొత్తగా కనిపిస్తుంది.

అబద్ధం చెబితే కళ్లు పోతాయి. పుస్తకానికి కాలు తగిలితే లెంపలేసుకోవాలి. ఎవరూ చూడట్లేదు కదాని డబ్బాలోంచి బెల్లంముక్క తీసుకుంటే... పైనుంచి దేవుడు చూస్తూనే ఉంటాడు! తెలుగిళ్లలో పిల్లలకు మంచీ చెడూ అలవాటయ్యేది ఇలాగే. పెద్దయ్యాక అవే మాటలు కాస్త గంభీరంగా మారతాయి. 'పాపభీతి ఉన్న మనిషి' అంటే మెచ్చుకోలు. 'దేవుడన్నా లెక్కలేదు' అంటే తిట్టు. అప్పిచ్చేటప్పుడైనా సంబంధం కలుపుకొనేటప్పుడైనా 'దైవభక్తి గల కుటుంబమండీ' అన్న ఒక్క మాట పూచీకత్తులా పనిచేస్తుంది.

ఇది మన ఒక్కరి ఆలోచనే కాదు. అమెరికాకు చెందిన ప్యూ రిసెర్చ్ సెంటర్ 2019లో 34 దేశాల్లో సర్వే చేసింది. 'నీతిగా ఉండాలంటే దేవుణ్ని నమ్మాల్సిందేనా?' అన్నది అందులో ఓ ప్రశ్న. మనదేశంలో 79 శాతం 'అవును' అన్నారు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లలో అయితే ఏకంగా 96 శాతం. స్వీడన్‌లో మాత్రం తొమ్మిది శాతమే. అలాగని స్వీడన్‌లో జనం తలుపులకు నాలుగేసి తాళాలు వేసుకుని బతుకుతున్నారా అంటే అదీ లేదు.

అంతకన్నా విచిత్రమైన సంగతి 2017లో బయటపడింది. భారత్‌తో సహా 13 దేశాల్లో మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఓ అధ్యయనం అది. చిన్నప్పుడు జంతువుల్ని హింసించి, పెద్దయ్యాక మనుషుల్ని వరుసగా చంపిన ఓ కల్పిత హంతకుడి కథ చెప్పి, అతను ఎలాంటివాడై ఉంటాడో ఊహించమన్నారు. ఆస్తికుడై ఉంటాడనుకున్నవారికన్నా నాస్తికుడై ఉంటాడనుకున్నవారు దాదాపు రెట్టింపు! తమాషా ఏమిటంటే, అలా అనుకున్నవాళ్లలో స్వయంగా నాస్తికులూ ఉన్నారు. అనుమానం అంత లోతుగా నాటుకుపోయిందన్నమాట.

ఆ అనుమానాన్ని జీవితమంతా మోసిన కుటుంబం తెలుగునేల మీదే ఉంది.

అబద్ధం ఆడితే పోయేదేముంది?

గోరా అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో, ఆచారాలు గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఎ. చేశారు. ఆ రోజుల్లో ఆ చదువుకు ఉద్యోగాల కరవు లేదు. మదురై, కోయంబత్తూరు, కొలంబో... ఎక్కడికి వెళ్లినా పిలిచి కుర్చీ వేసేవారు.

పదేళ్ల వయసులో ఆయన చేయి పట్టుకుని వచ్చిన సరస్వతిదీ సనాతన కుటుంబమే. గర్భిణులు గ్రహణం చూడకూడదంటారు కదా... ఆమె కడుపుతో ఉండి గ్రహణం వేళ బయటికొచ్చారు. కూరగాయలు కోశారు. దయ్యాలున్నాయని ఎవరూ చేరని ఇళ్లలో దంపతులిద్దరూ కాపురం పెట్టారు. దయ్యం మాటేమో కానీ, అలాంటి ఇళ్లు అద్దెకు తేలిగ్గా దొరుకుతాయి! జంధ్యం తీసేశాక మాత్రం కులపెద్దలు ఊరుకోలేదు. వెలి వేశారు.

1933 నాటికి గోరా కాకినాడ పి.ఆర్. కళాశాలలో అధ్యాపకుడు. దేవుడనే భావన గురించి ఓ వ్యాసం రాశారు. ఉద్యోగం పోయింది. పాఠం సరిగ్గా చెప్పలేదని కాదు, డబ్బు దగ్గర తేడా వచ్చిందనీ కాదు. ఆ తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాల చేర్చుకుంది. కొన్నేళ్లకు అక్కడా అదే గొడవ. చివరికి 1940లో జీతం బతుక్కే స్వస్తి చెప్పేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. గోరా చేయాల్సిందల్లా చాలా చిన్న పని. ఇంట్లో ఏమనుకున్నా బయట నోరు మూసుకోవడం. పండక్కి గుడికెళ్లి ఓ దణ్ణం పెట్టి రావడం. ఎంతమంది అలా చేయట్లేదు! అలా చేసి ఉంటే ఆయన 'మంచి మనిషి'గానే పింఛను పుచ్చుకునేవారు. లోపల ఒకటి, పైకి ఒకటిగా ఉండలేనన్నందుకు 'నీతిలేనివాడు' అయ్యారు. అంటే సమాజం అడిగింది నమ్మకాన్ని కాదు, నమ్ముతున్నట్టు నటించడాన్ని. అబద్ధమాడితే కళ్లు పోతాయని నేర్పే సమాజమే, ఈ ఒక్క విషయంలో అబద్ధమాడితే తప్పులేదంది!

జాబాలి చెప్పిన మాట

నిజానికి 'నాస్తికుడు' అన్న మాటకు పూర్వం అర్థం వేరు. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు నాస్తికుడు. ఆ లెక్కన బౌద్ధులూ జైనులూ నాస్తికులే. సృష్టికర్త ఉన్నాడని చెప్పని సాంఖ్యులు, మీమాంసకులు మాత్రం వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికులు! నమ్మకాల పద్దుల్లో ఎవరు ఏ గడిలోకి వస్తారన్నది మనమనుకున్నంత తేలిక కాదు.

నాస్తికుడంటే మాట మీద నిలబడడన్న భయం మాత్రం పాతదే. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో జాబాలి వస్తాడు. పరలోకమూ లేదు, పితృరుణమూ లేదు, తండ్రికిచ్చిన మాట పట్టుకుని అడవులు పట్టడమేమిటి, వెళ్లి రాజ్యమేలుకోమని రాముడికి హితవు చెబుతాడు. రాముడికి పట్టరాని కోపం వస్తుంది. సత్యం తప్పితే లోకమే నిలవదంటాడు. గొడవంతా దేవుడున్నాడా లేడా అన్నదాని మీద కాదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా వద్దా అన్నదాని మీద.

మరి దేవుడి ప్రస్తావన లేకుండా మాట నిలబెట్టుకోవడం సాధ్యం కాదా? కృష్ణ ఒడ్డునే జవాబుంది. అమరావతి, నాగార్జునకొండల్లో శతాబ్దాలపాటు వెలిగిన బౌద్ధం చెప్పిన పంచశీలలో సృష్టికర్త ఊసే లేదు. చంపకు, దొంగిలించకు, అబద్ధమాడకు, కామంతో తప్పుదారి పట్టకు, మత్తుకు లోనుకాకు. కర్మ, పునర్జన్మ అన్న నమ్మకాలు వెనకాల ఉన్న మాట నిజమే. పైనుంచి చూసే దేవుడు మాత్రం లేడు.

ముదునూరు నుంచి పటమటకు...

1940 ఆగస్టు 10న కృష్ణా జిల్లా ముదునూరులో గోరా నాస్తిక కేంద్రం మొదలైంది. పేరు చూసి దేవుడి మీద ఉపన్యాసాలిచ్చే చోటనుకుంటే పొరపాటే. అక్కడ మొదట జరిగింది వయోజనులకు చదువు చెప్పడం, కులాలన్నీ కలిసి ఒకే బంతిలో భోజనం చేయడం. అంటరానితనం అడుగడుగునా ఉన్న రోజుల్లో ఇది మామూలు సాహసం కాదు. స్వాతంత్ర్య ఉద్యమంలో కుటుంబమంతా దిగింది. క్విట్ ఇండియా రోజుల్లో సరస్వతి పసివాడైన కొడుకు నియంతను వెంటబెట్టుకుని జైలుకెళ్లారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

పిల్లల పేర్లే ఓ చరిత్ర పుస్తకం. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టినవాడు లవణం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది పుట్టినవాడు సమరం... పత్రికల్లో ఆరోగ్య సలహాల శీర్షికలతో తెలుగువాళ్లందరికీ తెలిసిన డాక్టర్ సమరం ఆయనే. నియంతృత్వాలు చెలరేగిన కాలంలో పుట్టినవాడు నియంత. తొమ్మిదో సంతానం పేరు 'నౌ', హిందీలో తొమ్మిది. దేవుళ్ల పేర్లు వద్దనుకుంటే మరీ ఇంతగానా అని నవ్వొచ్చినా, ఒక్కసారి వింటే మరచిపోలేం.

దేవుడి స్థానంలో ఏం పెట్టాలన్నదానికి గోరా దగ్గర ఒక మాట ఉంది. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం... ఈ మూడింటి తొలి అక్షరాలు కలిపితే 'వాసవ్య'. ఉన్నదున్నట్టు చెప్పడం, పక్కవాడి గురించి ఆలోచించడం, ఎవరి మీదా భారం వేయకుండా తన పనికి తాను బాధ్యత వహించడం. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలికి ఆ పేరు అలా వచ్చిందే. దేవుణ్ని కాదన్నంత మాత్రాన మనిషి మంచివాడైపోడని గోరాకు బాగా తెలుసు. 'లేడు' అనడం సగం పనే, మిగతా సగం బతికి చూపించాలన్నది ఆయన పట్టు. తన ఆలోచనను ఆయన 'పాజిటివ్ ఎథీయిజం' అని పిలిచింది అందుకే.

పుట్టుకతోనే దొంగలట!

బాపట్ల దగ్గర స్టువర్టుపురం. ఆ పేరు వింటే సినిమాలే గుర్తొస్తాయి. తెల్లదొరలు 1871లో ఓ చట్టం చేశారు. కొన్ని తెగలవాళ్లు పుట్టుకతోనే నేరస్థులని అందులో తేల్చేశారు. దాని ప్రకారం ఎరుకల కుటుంబాలను తీసుకొచ్చి ఒక్కచోట ఉంచిన ఊరు ఇది. నిర్వహణ బాధ్యత క్రైస్తవ సేవా సంస్థ సాల్వేషన్ ఆర్మీది. చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు ఇక్కడికే వచ్చేవారు.

1970ల్లో ఆ ఊళ్లోకి అడుగుపెట్టారు గోరా కొడుకు లవణం, కోడలు హేమలత. హేమలత ఎవరో కాదు, మహాకవి గుర్రం జాషువా కుమార్తె. జలగం వెంగళరావు ప్రభుత్వం అండగా నిలిచింది. ఇళ్లకు వెళ్లి కూర్చోవడం, మాట్లాడటం, పిల్లల్ని బడికి పంపించడం, దొంగతనం మానినవాళ్లకు మరో బతుకుతెరువు చూపించడం... ఏళ్ల తరబడి సాగిన పని. పుట్టుకను బట్టి మనిషిని దొంగ అనడమూ, నమ్మకాన్ని బట్టి మనిషిని నీతిలేనివాడనడమూ ఒక తాను ముక్కలే. ఆ బాధ తెలిసినవాళ్లే ఆ ఊరిని అర్థం చేసుకున్నారనిపిస్తుంది.

ఆ తర్వాత హేమలత దృష్టి నిజామాబాద్ జిల్లా జోగినుల మీద పడింది. ఊహ తెలియని ఆడపిల్లను దేవతకిచ్చి పెళ్లి చేయడం... ఆ పిల్ల ఎదిగాక ఊరిపెద్దల పాలు కావడం! అందులో ఎక్కువమంది దళిత బాలికలు. అడిగితే 'దేవత ఆజ్ఞ' అన్న మాటే జవాబు. పాపభీతి ఉన్న ఊళ్లలోనే, ఆ భీతినే అడ్డుపెట్టుకుని ఇంత ఘోరం నడిచింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. చట్టంతోనే అన్నీ అయిపోవు కాబట్టి హేమలత వాళ్లకు ఆశ్రయం, పిల్లలకు చదువు, పెళ్లిళ్లు అంటూ 2008లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఈ దురాచారంపై పోరాడినవాళ్లలో దేవుణ్ని నమ్మేవాళ్లూ ఎందరో ఉన్నారన్నది మరచిపోకూడదు. దేవత పేరు చెప్పి చేసినా తప్పు తప్పేనని వాళ్ల మనసుకూ తెలుసు. అలా తెలిసిందంటే మంచిచెడుల కొలబద్ద మరెక్కడో ఉన్నట్టే కదా!

రెండో వైపు చూస్తే...

అయితే నాస్తికులంతా గోరాలేనా? కానే కాదు. కంబోడియాలో మతాన్ని రూపుమాపాలనుకున్న పోల్‌పాట్ పాలనలో 1975-79 మధ్య 15 నుంచి 20 లక్షల మంది ప్రాణాలు పోయాయి. బౌద్ధ భిక్షువుల్నీ వదల్లేదు. స్టాలిన్ సోవియట్ యూనియన్‌లో చర్చిలు కూల్చారు, లక్షలమందిని నిర్బంధ శిబిరాలకు తోలారు. దేవుడి భయం లేకపోవడం ఒక్కటే మనిషిని మంచివాణ్ని చేసేస్తే ఇవేవీ జరిగేవి కావు.

శాస్త్రవేత్తలూ తొందరపడి తప్పులో కాలేసిన సందర్భాలున్నాయి. భక్తి ఎక్కువగా ఉన్న ఇళ్ల పిల్లల్లో పంచుకునే గుణం తక్కువని 2015లో ఓ పరిశోధన వచ్చింది. ఆరు దేశాల్లో 1,170 మంది పిల్లల మీద చేశారు. నాస్తికులు పండగ చేసుకున్నారు. తీరా చూస్తే దేశాల వివరాల్ని లెక్కకట్టడంలో పొరపాటు జరిగిందని తేలింది. 2019లో ఆ పత్రాన్నే వెనక్కి తీసుకున్నారు.

ఇంకో పాత ప్రయోగం ఇంతకన్నా ఎక్కువ చెబుతుంది. 1973లో ప్రచురించారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కావడానికి చదువుతున్న 40 మంది విద్యార్థుల్ని పక్క భవనంలో ప్రసంగించి రమ్మన్నారు. దారిలో ఓ మనిషి మూలుగుతూ పడి ఉండేలా ఏర్పాటు చేశారు. కొందరు మాట్లాడాల్సిన విషయం 'మంచి సమరయుడు'... దారిలో పడి ఉన్న అపరిచితుణ్ని ఆదుకున్నవాడి గురించి బైబిల్లో ఉన్న కథ! ఎవరు ఆగారు? తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం. 'ఇప్పటికే ఆలస్యమైంది' అని తొందరపెట్టినవాళ్లలో పది శాతమే. భక్తి ఏ రకందన్నదీ, ఏ కథ చెప్పబోతున్నారన్నదీ కాదు... చేతిలో ఎంత సమయముందన్నదే తేడా చూపించింది. పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తే మనందరికీ తగిలే లెక్క ఇది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. శవాల మధ్య పనిచేయడానికి వచ్చినవాళ్లలో రామకృష్ణ మిషన్ స్వాములున్నారు, మదర్ థెరిసా ఉన్నారు, పటమట నాస్తిక కేంద్రం కార్యకర్తలూ ఉన్నారు. బురదలోంచి బయటికి తీసిన మనిషి ఎవరూ 'మీరు ఎవరిని నమ్ముతారు?' అని అడిగి ఉండరు.

గాంధీ మెత్తబడ్డ వేళ

నాస్తికులంటే గాంధీజీకి మొదట్లో పెద్దగా ఇష్టం లేదు. దానికో కథ ఉంది. ఆయన లండన్‌లో చదువుతుండగా 1891 జనవరి 30న చార్లెస్ బ్రాడ్లా చనిపోయారు. బ్రిటన్ పార్లమెంటుకు ఎన్నికై, నాస్తికుడు కావడంతో ప్రమాణం గొడవలో ఆరేళ్లపాటు కుర్చీ దక్కని మనిషి ఆయన. భారతీయుల పక్షాన మాట్లాడతాడని మనవాళ్లకు అభిమానం. లండన్‌లోని మిగతా భారతీయుల్లాగే గాంధీ కూడా అంత్యక్రియలకు వెళ్లారు. తిరిగొస్తుంటే రైల్వే స్టేషన్లో ఓ నాస్తికుడు పాదరీని పట్టుకుని వాదనతో వేధించడం చూశారు. దాంతో నాస్తికుల మీద ఉన్న చిన్నచూపు ఇంకాస్త పెరిగిందని ఆత్మకథలో రాసుకున్నారు. బ్రాడ్లా నిజాయతీ కన్నా ఆ వాచాలుడి నోరే ఎక్కువ గుర్తుండిపోయిందన్నమాట!

అలాంటి గాంధీకి గోరా 1930లోనే ఉత్తరం రాసి దేవుడంటే ఏమిటని అడిగారు. మనిషి ఊహకు అందనివాడన్నది జవాబు సారాంశం. 1944 చివర్లో సేవాగ్రామ్‌లో ఇద్దరూ కలిశారు. గోరా అప్పుడు చెప్పింది కలకత్తా కరవు గురించి. 1943లో ఆకలితో జనం రోడ్ల మీద రాలిపోతుంటే పక్కనే మిఠాయి కొట్లు నిండుగా ఉన్నాయి. ఆకలేసిన ఎద్దయినా కొట్టులో మూతి పెట్టేది. మనుషులు పెట్టలేదు. తలరాత అనుకుని చనిపోయారు. కొట్టువాళ్లూ తలరాతే అనుకుని చూస్తూ ఊరుకున్నారు. ఆ రాతను రాసేవాడు లేడని తెలిస్తే ఇద్దరిలోనూ చలనం వస్తుందని గోరా వాదన. ఆ కరవు వెనక యుద్ధం, ధరలు, పరాయి ప్రభుత్వం నిర్వాకం ఇలా చాలా ఉన్నాయి. తలరాత ఒక్కదానికే ఆ నేరం అంటగడితే సరిపోదు. కానీ గాంధీ మాత్రం ఆ మాటల వెనకున్న తపనను చూశారు. తన ఆస్తికత్వమే ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ అనలేనన్నారు. ఇద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లమే అన్నారు. అప్పటికే ఆయన 'దేవుడే సత్యం' అన్న మాటను 'సత్యమే దేవుడు' అని తిరగేసి పదేళ్లు దాటింది. ఈ సంభాషణలను గోరా తర్వాత పుస్తకంగా తెచ్చారు. అచ్చువేసింది గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే.

గోరా పెద్దకూతురు మనోరమ పెళ్లి అర్జునరావుతో నిశ్చయమైంది. వరుడు దళితుడు. గోరా బ్రాహ్మణ్యాన్ని ఎప్పుడో వదిలేశారు కానీ లోకం వదల్లేదు. అది కులాంతర వివాహమే. వధూవరుల్లో ఒకరు హరిజనులైతేనే ఆ పెళ్లికి వెళతానని గాంధీజీ అప్పటికే ఒట్టు పెట్టుకుని ఉన్నారు. ఈ పెళ్లి సేవాగ్రామ్‌లో తానే చేస్తానన్నారు. కొంతకాలం ఆగమన్నారు. చిక్కల్లా పెళ్లి ప్రమాణాల దగ్గర వచ్చింది. అందులో దేవుడి పేరుంది. పెళ్లికూతురి తండ్రి ఆ పేరుతో ప్రమాణం చేయించలేడు. పెళ్లి చేయించే పెద్దాయన రోజూ సాయంత్రం రామనామంతో ప్రార్థన చేసేవాడు. ఏం చేయాలి?

దేవుడు అన్న చోట సత్యం అని మార్చేద్దామన్నారు గాంధీ.

ఆ పెళ్లి చేయించడానికి ఆయన లేకుండా పోయారు. 1948 జనవరి 30న ఢిల్లీలో తూటాలకు బలయ్యారు. గోరా కుటుంబం పెళ్లిని మరోచోటికి మార్చుకోలేదు. ఆ మార్చిలోనే సేవాగ్రామ్ ఆశ్రమంలో, గాంధీ లేని గాంధీ ఇంట్లో, మనోరమ, అర్జునరావు దంపతులయ్యారు.